మసి తేలని గోడ

రాజ్యం ఒక పని చేసిందంటే ఇంకెవరూ దానికి వంక పెట్టలేరు. ఆమె తుడిచిన అద్దం మీద గీత కనిపించదు, తోమిన గిన్నెలో జిడ్డు మిగలదు. మా కొట్లో చిప్స్ ప్యాకెట్లు కాస్త సర్దిపెట్టమంటే, వాటి వెనక ఎప్పటినుంచో చచ్చి పడున్న ఈగల్ని కూడా ఏరి కాగితంలో చుట్టి, నా మొహాన ఒక చూపు చూసి వెళ్ళేది. ఆ గుణం చూసి నేను ముచ్చటపడేదాన్ని, ఒక్కోసారి ఒళ్ళు మండేది కూడా. ఆ గుణమే ఆమె కొంప ముంచుతుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

మేముండేది టోరియా బే అనే చిన్న ఊరు. సౌత్ ఐలండ్ పై కొసన, సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. ఒక పెట్రోలు బంకు, ఆల్చిప్పలు ఒలిచి డబ్బాల్లో పెట్టే ఒక ఫ్యాక్టరీ, ఒక వృద్ధాశ్రమం, మా డైరీ, అంతే. డైరీ అంటే మనవాళ్ళు పాలకేంద్రం అనుకుంటారు. ఇక్కడ వీధి మూల కిరాణా కొట్టుని అలా అంటారు. మా ఆయన గిరిధర్ రోటోటూనాలో కంప్యూటర్ ఉద్యోగం చేసి చేసి మొహం మొత్తి, సముద్రం పక్కన ప్రశాంతంగా బతుకుదాం సుభద్రా అని నన్నిక్కడికి తెచ్చాడు. ప్రశాంతతంతా ఆయన వాటాకి వచ్చింది. పొద్దున్నే లేచి షట్టరు ఎత్తడం నా వాటాకి వచ్చింది.

రాజ్యం మొగుడు విజయకుమార్ ఆక్లాండ్‌కి చదువుకోడానికి వచ్చి, మనురేవాలో సూపర్‌మార్కెట్‌లో కొన్నాళ్ళు చేసి, చివరికి ఈ ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు. తర్వాత పెళ్ళాన్నీ పిల్లల్నీ తెచ్చుకున్నాడు. ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడే ఆడవాళ్ళం మేమిద్దరమే కాబట్టి స్నేహం కుదరక తప్పలేదు. వాళ్ళది పల్నాడులో ఒక పల్లె. తరాలనాటి కాథలిక్కులు. వాళ్ళు చర్చి అనరు, గుడి అంటారు. ప్రార్థన అనరు, పూజ అంటారు. ఆ సంగతి నాకు తెలియదు. వచ్చిన కొత్తలో ఒక శనివారం, "రేపు గుడికి పోయి పూజ చూసొస్తా అక్కా, నువ్వూ వస్తావా" అంది. టోరియా బేలో గుడి ఎప్పుడు కట్టారబ్బా అని సంబరపడి, పట్టుచీర కట్టుకుని, కొబ్బరికాయ సంచిలో వేసుకుని బయల్దేరాను. తీరా చూస్తే అది ఇటాలియన్ల చర్చి. కొబ్బరికాయ బయటికి తీయకుండా చివరిదాకా బెంచీ మీద బిగుసుకుని కూర్చున్నాను. రాజ్యం ఆ మాట తలుచుకుని నెలల తరబడి నవ్వింది.

ఇప్పుడు ఆమె నవ్వి చాలా కాలమైంది.

ఆ చర్చి కథ చెప్పాలి. వందేళ్ళ కిందట, కాస్త అటూ ఇటూగా, నేపుల్స్ పక్క ఒక సముద్రపు పల్లె నుంచి కొన్ని కుటుంబాలు ఇక్కడికి చేపలవేటకి వచ్చాయి. ఇంగ్లీషు రాదు, ఊళ్ళో ఎవరూ పలకరించరు. గుడైనా మనది మనం కట్టుకుందాం అనుకున్నారు. ఒడ్డున గులకరాళ్ళు మోశారు. తిని పారేసిన ఆల్చిప్పల్ని గుట్టపోసి కాల్చి సున్నం చేశారు. విరిగిపోయిన ఒక పడవ గంట తెచ్చి పైన కట్టారు. సముద్రతార మాత అని పేరు పెట్టుకున్నారు. పిల్లల పిల్లలు వెల్లింగ్టన్‌కీ ఆస్ట్రేలియాకీ వెళ్ళిపోయారు, వాళ్ళ ఇళ్ళు సెలవుల్లో అద్దెకిచ్చే ఇళ్ళయిపోయాయి. ఇప్పుడు ఆదివారం పూజకి వచ్చేది ఫ్యాక్టరీలో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్ళు, వృద్ధాశ్రమంలో నర్సులుగా ఉన్న మలయాళీలు, రాజ్యం కుటుంబం, మిగిలిన ఒకరిద్దరు ఇటాలియన్లు.

ఆ మిగిలినవాళ్ళలో పెద్దావిడ కార్మెలా. తొంభై దగ్గర పడింది. ఊరంతా ఆవిడని నోనా అంటారు. వాళ్ళ భాషలో నోనా అంటే నాన్నమ్మ. రాజ్యం మొదటిసారి విన్నప్పుడు, "ఈళ్ళూ నాన్నమ్మనే అంటన్నారక్కా" అని ఆశ్చర్యపోయి, ఆరోజు నుంచి నాన్నమ్మా అని నిండుగా పిలిచేది. నోనాకి అది నచ్చింది. పూజయ్యాక ఇద్దరూ చేతులు పట్టుకుని, ఒకరి భాష ఒకరికి సగం అర్థం కాకుండానే, మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. రాజ్యం వృద్ధాశ్రమంలో గదులు తుడిచేది, అది అయ్యాక చర్చి తుడిచే పని కూడా పెట్టుకుంది. తాళం చెవి ఆమె దగ్గరే ఉండేది.

చర్చిలో ఎడమపక్క మరియమాత గూడు ఉంది. దాని కింద గోడంతా నల్లగా మసి పట్టి ఉండేది. వేలెడంత, జానెడంత మరకలు, కొన్ని పక్కపక్కన, కొన్ని ఒకదాని కింద ఒకటి. పైకి చూస్తే ఏళ్ళ తరబడి ఎవరూ తుడవని గోడ. నేనూ అలాగే అనుకున్నాను. ఇంత చక్కటి గుళ్ళో ఆ ఒక్క మూల ఎందుకలా వదిలేశారో అని ఒకసారి నోరు జారాను కూడా. ఆరోజు నుంచి ఆ గోడని రాజ్యం కన్ను వదల్లేదని నాకు తెలుసు.

కోవిడ్ రోజుల్లో రాజ్యం వాళ్ళమ్మ పోయింది. సరిహద్దులు మూసేశారు. విమానం ఎక్కే దారి లేదు. ఫోన్‌లోనే చూసింది, అదీ సగంలో సిగ్నల్ పోయింది. వాళ్ళమ్మ ఊళ్ళో గుడికి వెల్ల వేసే మనిషి. ఏటా పండక్కి ముందు సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, కూతుర్ని వెంటేసుకుని గుడి గోడలన్నీ తెల్లగా చేసేది. నవంబరు మొదట్లో సమాధుల పండగ వస్తుంది. ఆరోజు వాళ్ళ పక్క ప్రతి కుటుంబమూ తమవాళ్ళ సమాధుల్ని కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తుంది. సున్నం పడని సమాధి ఉందంటే ఆ మనిషికి ఎవరూ లేరని లెక్క.

"మా అమ్మ సమాధికి నా చేత్తో ఒక్కసారన్నా సున్నం పెట్టలేదక్కా. తమ్ముడు ఎవరితోనో ఏపిస్తాడు. వాళ్ళు పైపైన పూసి పోతారు," అనేది ప్రతి అక్టోబరులోనూ.

రెండేళ్ళ కిందట అక్టోబరులో నోనా పడిపోయి తుంటి విరిగింది. నెల్సన్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడూళ్ళకి కలిపి ఒక్కడే ఫాదర్. ఆయన ఈ పక్కకి కొత్త. సమాధుల పండగ వస్తోంది కదా, గుడి కాస్త శుభ్రం చేస్తే బాగుంటుందని రాజ్యంతో అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది.

ఆమె గోడ పెచ్చు ఒకటి గోటితో గీకి నాకు తెచ్చి చూపించింది. "ఇది గుల్ల సున్నం అక్కా. మా ఊరి గుడిక్కూడా ఇదే. దీనికి పెయింట్ ఏస్తే ఊడిపోద్ది," అంది. బిల్డింగ్ సామాన్ల షాపు నుంచి సున్నం బస్తా తెప్పించి, డ్రమ్ములో నానబెట్టింది. నీలిమందు నా కొట్లోనే తీసుకుంది. సున్నం వేసేముందు మసి కడగాలి, లేకపోతే మసి మళ్ళీ పైకి తేలుతుంది. ఆ సంగతి వాళ్ళమ్మ నేర్పింది. బెంచీలన్నీ పక్కకి లాగి, చాకలి సోడా కలిపిన నీళ్ళతో, కొబ్బరి పీచుతో ఆ గోడని రుద్దింది. ఆరనిచ్చి ఇంకో రెండుసార్లు రుద్దింది. తర్వాత సున్నం పట్టించింది. బెంచీల్ని ముందున్న వంకర లేకుండా తాడు పట్టి వరస పెట్టింది. నన్ను పిలిచి చూపించినప్పుడు ఆ గోడ మీద కిటికీ వెలుతురు పడి కళ్ళు జిగేల్‌మన్నాయి. ఆ మూల చిన్న కొవ్వొత్తి వెలిగించి, "అమ్మకి," అంది. నాకు కళ్ళు తడయ్యాయి, దాచుకోను.

పండగనాడు వచ్చిన ఫిలిప్పీన్స్ వాళ్ళూ మలయాళీలూ బాగుంది బాగుంది అన్నారు. ఫాదర్ పూజ చివర్లో పేరు పెట్టి మెచ్చుకున్నాడు. విజయకుమార్ ఫోటో తీసి ఊరికి పంపాడు.

నోనా నవంబరు చివర్లో తిరిగొచ్చింది. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ చర్చిలోకి వచ్చింది. ఒక పక్క రాజ్యం పట్టుకుంది. వెనక నేనున్నాను. నోనా ఎప్పుడూ కూర్చునే చోటు ఆ గోడ పక్కన బెంచీ చివర. వెళ్ళి కూర్చుంది. తల తిప్పకుండానే ఎడమచెయ్యి పక్కకి చాపి, బొటనవేలు గోడ మీద పెట్టింది. అలవాటుగా పెట్టింది. వేలు ఆగింది. కొంచెం పైకి వెళ్ళింది, కిందికొచ్చింది, పక్కకి జరిగింది. అప్పుడు తల తిప్పి చూసింది.

రాజ్యం మొహం వెలిగిపోతోంది. "ఐ డూ, నాన్నమ్మా. ఆల్ వైట్," అంది.

నోనా ఆ గోడని చాలాసేపు చూసింది. "వెరీ క్లీన్, డార్లింగ్," అంది. పూజ కాకముందే ఇంటికి తీసుకెళ్ళమంది.

మర్నాడు నోనా తమ్ముడి కొడుకు టోనీ మా కొట్టుకి వచ్చాడు. యాభై దాటినవాడు, ఇంకా పడవ నడుపుతాడు. రొట్టె కౌంటర్ మీద పెట్టి, "మీ స్నేహితురాలు ఏం చేసిందో తెలుసా?" అన్నాడు. నాకు చిర్రెత్తింది. మీ గుడిని మీరు తుడవకపోతే ఆ పిల్ల తుడిచింది, సంతోషించాల్సింది పోయి, అని మొదలుపెట్టాను. అతను నా మాటకి అడ్డు రాలేదు. నేను ఆపాక చెప్పాడు.

వేటకి వెళ్ళిన పడవ తిరిగిరాకపోతే పాతిపెట్టడానికి శవం ఉండదు. అందుకని ఆ ఇంటి ఆడమనిషి వచ్చి, మాత గూటి కింద గోడకి ఆనించి కొవ్వొత్తి పట్టుకునేది. గోడ మీద పడిన మసి మరకే ఆ మనిషికి సమాధి. పేర్లు రాయలేదు. రాయడం రాదు చాలామందికి. ఎవరి మరక ఏదో ఆ ఇంటివాళ్ళకి తెలుసు. బెంచీ పక్కన అన్నిటికన్నా కిందున్నది నోనా వాళ్ళ నాన్నది. ఆవిడ ఎనభై ఏళ్ళకి పైగా ప్రతి ఆదివారం దాని కింద వేలు పెట్టి కూర్చునేది.

"ఒక్కరైనా ఆమెకి చెప్పొచ్చుగా," అన్నాను.

"చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అందరికీ తెలుసు," అన్నాడు.

అందరికీ తెలుసు. ఈ మాటంటే నాకు ఇప్పటికీ మంట. తెలిసినవాళ్ళు ఒకరిద్దరు మిగిలారు, తెలియనివాళ్ళు గుడినిండా ఉన్నారు, అయినా అందరికీ తెలుసట. టోనీ మీద కోపం తెచ్చుకోడానికి ఎంత ప్రయత్నించినా కుదరలేదు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నోనా వాళ్ళ నాన్నంటే అతనికి తాతే కదా.

రాజ్యానికి చెప్పే పని నామీద పడింది. మా కొట్లో పాల డబ్బాలు సర్దుతుంటే నిలబెట్టి చెప్పాను. ఆమె ఏడవలేదు. రెండు అరచేతులూ తిప్పి చూసుకుంది.

"సమాధులా అక్కా?"

"అవునమ్మా."

"నేను సమాధుల పండక్కి సమాధులు చెరిపానా?"

ఆమె డబ్బాలన్నీ సర్దడం పూర్తిచేసి, ఖాళీ అట్టపెట్టెలు మడిచి, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమెకి ఒకటే ఆశ పట్టుకుంది. మసి తేలుతుందని. వాళ్ళమ్మ వంటింటి గోడకి ఎన్ని పూతలు వేసినా వానాకాలం వచ్చేసరికి మసి పచ్చగా పైకి వచ్చేదట. "చలికాలం రానీ అక్కా. చెమ్మకి తేలుద్ది. మసి అంత తేలిగ్గా పోయేది కాదు," అనేది. రోజూ పని అయ్యాక తాళం తీసుకుని వెళ్ళి గోడ చూసి వచ్చేది. ఇక్కడ చలికాలం జూన్‌లో వస్తుంది, వానలు పట్టాయి. కిటికీ కింద చెమ్మ దిగింది, పైకప్పు మూల నాచు పట్టింది, ఆ గోడ మాత్రం కడిగిన పళ్ళెంలా తెల్లగా ఉంది. ఒకరోజు నన్ను లాక్కెళ్ళి, "ఇదిగో ఇక్కడ పచ్చగా లేదూ?" అని చూపించింది. లేదు. ఉందని అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.

విజయకుమార్ ఆమెని వేరే ఊరికి తీసుకుపోతానన్నాడు. ఆమె కదల్లేదు. పూజకి వెళ్ళడం మాత్రం మానేసింది. నోనా ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టుతిరిగి వచ్చేది.

ఆ ఆగస్టులోనే చర్చి బాగుచేసే పని మొదలైంది. అంతకుముందు వచ్చిన భూకంపాలకి గోడలు బీటలు తీశాయి, ఇంకోటి వస్తే కప్పు నిలవదని కౌన్సిల్ వాళ్ళు తలుపుకి నోటీసు అంటించి చాలా కాలమైంది. వెళ్ళిపోయిన ఇటాలియన్ల మనవలంతా కలిసి పూనుకున్నారు. గోడల లోపల ఉక్కు కడ్డీలు దింపి, పైన కొత్తగా సున్నపు గార చేయాలి. పాత కట్టడాలు బాగుచేసే హెలెన్ అనే ఆవిడ వెల్లింగ్టన్ నుంచి వచ్చింది. ఆ గోడ సంగతి టోనీ ఆవిడకి చెప్పాడు. గార పడిందంటే ఇక ఆ గోడకి దారి ఉండదు, దానికి ముందే సున్నం పొరలు విప్పి, కింద మసి మిగిలిందేమో చూస్తానంది హెలెన్. వేసిన మనిషి కూడా ఉండాలంది. రాజ్యం నన్ను రమ్మంది, మాట సాయానికి.

హెలెన్ మంచి మనిషి. ముందు సున్నాన్ని మెచ్చుకుంది. ప్లాస్టిక్ పెయింట్ వేసుంటే ఈపాటికి గోడ కుళ్ళిపోయేది, ఇది సరైన సున్నం, చక్కగా విడిపోతుంది అంది. రాజ్యం ముఖంలోకి ప్రాణం వచ్చింది. హెలెన్ చిన్న కత్తితో, తడి దూదితో అరచెయ్యంత మేర పొర తీసింది. కింద పాత గోడ వచ్చింది. తెల్లగా ఉంది. పక్కన ఇంకోచోట తీసింది. అక్కడా అంతే.

"సున్నం వేసేముందు కడిగారా?" అని అడిగింది.

నేను తెలుగులో చెప్పాను. రాజ్యం ఒక్క క్షణం నా వైపు చూసింది. లేదని చెప్పొచ్చు. చెప్పినా పట్టుకునేవాళ్ళు లేరు. "మూడుసార్లు రుద్దానని చెప్పక్కా. సోడాతో," అంది.

హెలెన్ కత్తి కింద పెట్టింది. ఎవరినీ నొప్పించాలని కాదు గాని, ఉన్నమాట అంది. "ఎవరైనా అశ్రద్ధగా చేసుంటే మసిని వెనక్కి తీసుకొచ్చేదాన్ని. ఇది చాలా బాగా చేశారు."

ఈ మాట తెలుగు చేయడానికి నాకు మనసొప్పలేదు. కానీ రాజ్యానికి ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. అక్కడే గోడకి ఆనుకుని కూలబడింది. అప్పుడు ఏడ్చింది, ఇంతకాలం దాచుకున్నదంతా. "పనిదొంగనైనా బాగుండేది గదక్కా. అమ్మ నన్నెందుకు ఇట్టా పెంచింది," అంది. నేను ఆమె తల నా ఒళ్ళోకి తీసుకున్నాను. వాళ్ళమ్మ మీద, ఫాదర్ మీద, ఈ ఊరి మీద, అందరి మీదా నాకు కోపం వచ్చింది.

పాత పెళ్ళి ఫోటో ఒకదాంట్లో ఆ గోడ సగం కనిపిస్తోందని, దాన్ని చూసి మరకలు మళ్ళీ వేయిద్దామని మనవల కమిటీ వాళ్ళు అన్నారు. నోనా వద్దంది. "అవి మా అమ్మలు వేసినవి. పెయింటరు వేస్తే బొమ్మలవుతాయి," అందట. అయితే ఒక కోరిక కోరింది. గార పడేలోపు ఒకసారి లోపలికి తీసుకెళ్ళమంది. రాజ్యం కూడా రావాలంది.

రాజ్యం రానంది. రెండు రోజులు ఫోన్ తీయలేదు. మూడోరోజు నేనే వెళ్ళి, "ఆవిడకి రోజులు దగ్గర పడ్డాయి. తిట్టాలనుకుంటే తిట్టనీ. తిట్టించుకుని రా," అని కసిరి బయల్దేరదీశాను.

సెప్టెంబరు, చలి ఇంకా తగ్గలేదు. చర్చి చుట్టూ ఇనప కంచె. లోపల బెంచీలు లేవు, నేలంతా దుమ్ము, ఇనప నిచ్చెనలు. మా నలుగురికీ ప్లాస్టిక్ టోపీలు పెట్టారు. టోనీ చక్రాల కుర్చీ తోసుకొచ్చి గోడ ముందు ఆపి, అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. నోనా బాగా చిక్కిపోయింది. కళ్ళు సరిగా ఆనడం లేదు. గోడ మీద చెయ్యి వేసి తడుముతూ ఉండిపోయింది. పక్క మరకల ఆనవాలుతో, బెంచీ ఆనవాలుతో వాళ్ళ నాన్న చోటు ఆవిడకి తెలిసేది. మరకలు పోయాయి. బెంచీల వరస రాజ్యం మార్చేసింది.

"నాకు చోటు దొరకడం లేదు," అంది నోనా. "నువ్వు కడిగావు కదా. దాన్ని చివరగా ముట్టుకుంది నువ్వే. ఎక్కడుందో నీకు గుర్తుందా?"

నేను తెలుగులో చెప్పాను. రాజ్యం నెమ్మదిగా గోడ దగ్గరికి నడిచింది. దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుంది.

"మిగతాయన్నీ నిలబడి రుద్దా. ఒకటే కిందుంది. దానికి మోకాళ్ళు ఎయ్యాల్సొచ్చింది. ఇక్కడ." వేలు పెట్టి చూపించింది. తడుముకోలేదు. "ఇది ఎంతకీ పోలా అక్కా. మిగతాయన్నీ తొందరగానే పోయినాయి. ఇది గోడలోకి దిగిపోయింది. మళ్ళీ సోడా కలుపుకొచ్చా. మధ్యాన్నం మొదలెడితే పొద్దుగుంకింది. తిట్టుకున్నా గూడా. ఎవరు తల్లీ ఇంతసేపు కొవ్వొత్తి పట్టుకుంది అని."

ఆ చివరి మాట చెప్పాలా వద్దా అని తటపటాయించాను. నోనా నా మొహం చూసి, "అంతా చెప్పు," అంది. చెప్పాను.

నోనా కళ్ళు మూసుకుంది. అలాగే చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న పోయినప్పుడు తమ్ముడు వాళ్ళమ్మ కడుపులో ఉన్నాడట. నెలలు నిండాయి, నిలబడలేక మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకుందట కొవ్వొత్తి. చాలు లెమ్మని అందరూ లాగారు. లేవలేదు. ఒకటి అయిపోతే ఇంకోటి వెలిగించుకుంది. నోనా వెనక నేల మీద కూర్చుని ఆకలికి ఏడుస్తూ ఉంది.

"పొద్దుగుంకేదాకా లేవలేదు మా అమ్మ," అంది నోనా. "నీలాగే."

వంగలేని మనిషి. రాజ్యం ఆవిడ చెయ్యి తీసుకుని కిందికి ఆ చోటుకి తీసుకెళ్ళి, బొటనవేలు ఆనించింది. నోనా అలాగే ఉంచింది. రాజ్యం చెయ్యి ఆ చేతి మీదే ఉంది. టోనీ బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి నోనా, చలేస్తోంది ఇంటికి పోదాం అంది. అంతే.

దారిలో రాజ్యం అడిగింది, "క్షమించిందా అక్కా?"

"ఆ మాట అనలేదమ్మా," అన్నాను. లేని మాట పుట్టించి చెప్పడం నావల్ల కాలేదు. అన్నంత మాత్రాన ఆ గోడ తిరిగి రాదని మా ఇద్దరికీ తెలుసు.

అక్టోబరులో గార పడింది. నోనా క్రిస్మస్‌కి ముందు పోయింది. ఆవిడకి ఊరి శ్మశానంలో రాయి ఉంది, దాని మీద పేరుంది. వాళ్ళ నాన్నకి ఇప్పుడు ఏమీ లేదు.

ఈ ఏడాది మార్చిలో చర్చి మళ్ళీ తెరిచారు. ఎక్కడెక్కడి నుంచో మనవలు వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్ళారు. గోడలన్నీ ఒకేలా, తెల్లగా, కొత్తగా ఉన్నాయి. రాజ్యం మళ్ళీ పూజకి వెళుతోంది. నోనా కూర్చున్న చోటే, ఆ గోడ పక్కన బెంచీ చివర కూర్చుంటుంది. ఎడమచెయ్యి చాపి గోడ మీద బొటనవేలు పెట్టుకుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమె గోడకి చెమ్మ పట్టిందేమో చూస్తోందనుకుంటారు. ఆమె చర్చి తుడుస్తుంది గాని, సున్నం డ్రమ్ము మాత్రం పారేసింది.

నిన్న మా కొట్లో ఉండగా ఊరి నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. సమాధుల పండగ వస్తోంది, అమ్మ సమాధికి ఈసారి మంచి పనివాణ్ణి కుదిర్చాను, కడిగి రెండు పూతలు వేయిస్తా అన్నాడు. రాజ్యం చేతిలో పాల డబ్బాని కౌంటర్ మీద పెట్టింది.

"సున్నం వద్దురా," అంది. "పోయినేడు కొవ్వొత్తులు పెట్టారు గదా. తలకాడ ఆ మసి ఉంటది చూడు. దాన్ని ఎవర్నీ కడగనీయమాక."